ఏసన్న దాచుకున్న డేటా

ఎమ్మిగనూరు బస్టాండు పక్క సందులో నాది సెల్‌ఫోన్ల కొట్టు. రీఛార్జికి వచ్చేవాళ్లందరికీ ఒకటే జబ్బు. నేను చెప్పేది సగం విని, మిగతా సగం వాళ్లే కల్పించుకుంటారు. అందుకే నాకు నోరు పెద్దదని పేరు. రేణుక దగ్గర కరెన్సీ కంటే తిట్లే ఎక్కువ పడతాయని ఆటోవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ తిట్లలో పెద్ద వాటా ఏసన్నది.

ఏసన్నది దేవనకొండ దారిలో ఒక పల్లె. సుగ్గి మేస్త్రీ. మా వైపు వానలు మొహం చాటేసిన ఏడాది జనం మిరపకాయలు కోయడానికి మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు పోతారు, దాన్నే సుగ్గి అంటాం. గుంపును లారీ ఎక్కించడం, కూలి మాట్లాడడం, మళ్లీ అందరినీ క్షేమంగా ఇంటికి చేర్చడం అతని పని. భార్య తిమ్మక్క గుంపుకు తిండి చూసేది. జొన్నపిండి సంచి మూతి విప్పిందంటే, సుగ్గి ముగిసేదాకా దాన్ని సరిపెట్టే చెయ్యి ఆమెది.

యేసుప్రభువు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నదిని చూడాలన్నది ఇద్దరి కోరిక. ఏళ్ల తరబడి సుగ్గి కూలి దాచుకున్నారు. తీరా చర్చివాళ్లతో ప్రయాణం ఖాయమయ్యాక తిమ్మక్క మోకాళ్లు మొరాయించాయి. అంత నడక పనికిరాదని ఆదోని డాక్టరు తేల్చేశాడు. ఏసన్న తానూ మానేస్తానన్నాడు. ఆమె ఒప్పుకుంటేనా? చివరికి ఒక ఒడంబడిక చేసుకున్నారు. నది ఒడ్డు నుంచి అతను వీడియో కాల్ చేయాలి. ముందు ఆమె చూడాలి, ఆ తర్వాతే అతను. తిమ్మక్కది బటన్ల ఫోను కాబట్టి ఆ రోజు నా కొట్టుకొచ్చి నా ఫోన్లో చూస్తుంది. ఈ ఏర్పాటంతా నన్ను మాట మాత్రం అడక్కుండానే జరిగిపోయింది.

అతనికి ప్యాక్ వేయడం ఒక యుద్ధం. అక్కడి సిమ్ము కొంటే నంబరు మారిపోతుంది, తిమ్మక్క కొత్త నంబరంటే ఎత్తదు. కాబట్టి మన సిమ్ముకే రోమింగ్ ప్యాక్ వేయాలని చెప్పాను. సరిహద్దున హొళగుంద పక్క పొలంలో కన్నడ టవరు తగులుకున్నట్లేనా అన్నాడు. అంత సులభం కాదు నాయనా అని, అక్కడ దిగాక డేటా రోమింగ్ ఎక్కడ నొక్కాలో చూపించాను. రెండు ప్యాక్‌లు ఉన్నాయి. ఒకదానికి దినాలు ఎక్కువ, డేటా తక్కువ. రెండోదానికి డేటా దండిగా, దినాలు తక్కువ.

"దినాలు నాకెందుకు మా? సరుకు ఎక్కువుండేది వెయ్యి. నేను ముట్టుకోకుండా దాసిపెడతా. తినకుంటే సంచిలో పిండి యాడికి పోతాది?" అన్నాడు.

డేటా పిండి కాదని గొంతు చించుకున్నాను. అక్కడి టవరు తగిలినప్పటి నుంచీ గడువు నడుస్తుందని, తిన్నా తినకపోయినా గడువు నాటికి సంచి మాయమవుతుందని చెప్పాను. తల ఊపాడు. చెవిటివాడి ముందు శంఖమే. యాత్ర కాగితం ప్రకారం నది గడువు లోపలే వస్తోంది కదా అని, అతను అడిగిందే వేశాను.

చేరిన రోజు తిమ్మక్క ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయిందట. అంతే, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. యాత్రలో మిగతావాళ్లు హోటల్ వైఫైతో రోజూ ఫొటోలు పంపేవాళ్లు. మన పొదుపరి ఆ వైఫైని కూడా నమ్మలేదు. ఈలోగా యాత్ర నడిపేవాళ్లు నదిని చివరి రోజుకు నెట్టారు.

ఆ రోజు తిమ్మక్క తెల్లచీర కట్టుకుని, సుగ్గి ఆడవాళ్లను వెంటేసుకుని ఆటోలో దిగింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గడువు చూశాను. ముందురోజే అయిపోయింది. అనుకున్న వేళ దాటింది, కాల్ రాలేదు. నేను ఇక్కడి నుంచి వీడియో కాల్ చేస్తే పోవడం లేదు. కొత్త ప్యాక్ వేద్దామంటే, అతను నదికి చేరాడో లేదో, ఫోను తెరిచాడో లేదో తెలియదు. పిండి సంచి, పిండి సంచి అని పళ్లు నూరుకున్నాను.

తిమ్మక్క మెల్లగా అంది: "నేను సూడకుంటే ఆయన సూడడు మా. అంత దూరం పోయి కండ్లు మూసుకోనే వస్తాడు."

నిజంగా నాకు ఏడుపొచ్చింది. అప్పుడే ఆమె ఒళ్లో బటన్ల ఫోను మోగింది. ఏసన్న నంబరే. ఎత్తబోతే నా చేతి మీద చెళ్లున ఒకటి వేసింది. ఫోను ఆగింది. మళ్లీ మోగింది, ఆగింది. మూడోసారీ అంతే. సుగ్గి ఆడవాళ్లంతా గొల్లున నవ్వి, గుట్టు విప్పారు. ఒక రింగు అంటే చేరినాను అని. మూడు అంటే కరెన్సీ అయిపోయింది, ఊర్నుంచి వేయించండి అని. ఎత్తితే ఉన్న కాస్త బ్యాలెన్సూ పోతుంది, ఎత్తకపోతే ఖర్చే లేదు. సుగ్గిలో పుట్టిన కట్టుబాటు అది.

గబగబా ఒక రోజు ప్యాక్ వేశాను. కాసేపటికి నా ఫోన్లో వీడియో కాల్. తెరంతా ఏసన్న మొహమే. తల మీద తువ్వాలు, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఫోను పట్టుకున్నది యాత్రలో ఉన్న ప్రమీలమ్మ. బస్సు దిగినప్పటి నుంచీ ఇట్లే ఉన్నాడని, చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చానని నవ్వుతూ చెప్పింది. ఆమె ఫోను నది వైపు తిప్పింది. రెల్లు పొదలు, వాటి మధ్య మట్టిరంగు నీళ్లు.

తిమ్మక్క చాలాసేపు చూసింది. "ఇంతేనా? మన తుంగభద్ర కాలువే దీనికంటే ఎడల్పు" అంది. ఏసన్న పకపకా నవ్వుతూ కళ్లు తెరిచాడు. తర్వాత ఆమె గొంతు మారింది. ముందు తన పేరు చెప్పి ఒక మునక వేయమంది. వేశాడు. తన మునక తర్వాత వేసుకున్నాడు. తిమ్మక్క ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, నా సంగతీ అంతే.

తడిబట్టలతోనే ఫోను అందుకుని, సరుకు అయిపోతుంది కట్ చేద్దామన్నాడు. ఇది ఈ రోజుకే, రేపటికి చుక్క మిగలదని అరిచాను. పిండి గిన్నెకు అంటుకుంటే కడిగి తాగే తిమ్మక్క నా చేతిలోని ఫోను లాక్కుంది.

"మిగల్సొద్దంట. అంతా సూపించు."

మేకలను చూపించాడు. బస్సును, డ్రైవరును, ఎండలో ఆరేసిన తువ్వాళ్లను చూపించాడు. ఇంకేమీ లేదన్నాడు.

"నీ మొగం ఉంది గదా, అది సూపించు. శానా దినాలాయ సూసి" అంది తిమ్మక్క.