చెరువులో అలలు ఉండవు

ఆ రోజుల్లో అనగానే ఎడ్లబండ్ల కాలం అనుకోకండి. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసి, మా పెద్దమ్మ కూడా పొయ్యి దగ్గర కూర్చుని ఫోన్లో సీరియల్ చూడటం నేర్చుకున్న కాలమే. అయినా తలుచుకుంటే వేరే యుగంలా ఉంటుంది, ఎందుకంటే అప్పట్లో నాకు తెలియనిది లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. వ్యవసాయంలో డిప్లొమా ఎలాగోలా గట్టెక్కించి, కంబదూరు వైపు మా ఊళ్ళో పెద్దమ్మ ఇంట్లోనే ఉంటూ ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. పైనుంచి వచ్చే వాతావరణ సమాచారాన్ని జనం మాటల్లోకి మార్చి, రోజూ పొద్దున్నే ఫోన్లో రికార్డు చేసి, పల్లెల గ్రూపులకు పంపడం నా పని. (ఇదేదో పెద్ద విద్య అనుకునేరు. వేసవి మొదట్లో మా అనంతపురంలో చెప్పడానికి ఏముంటుంది? ఈ రోజు ఎండ, రేపు ఇంకాస్త ఎండ. ఆ మాట మా పెద్దమ్మ వాకిట్లో నిలబడి జీతం లేకుండానే చెప్పేది.)

చిక్కంతా మా పెద్దసారుతో వచ్చింది. ఆయన కొల్లేటి వైపు మనిషి. ఆయన దృష్టిలో వాతావరణం అంటే మూడు ముక్కలు: నేల, గాలి, చెరువు. నేల ఎంత కాగుతుంది, గాలి ఎటు వీస్తుంది, చెరువులో అలలు ఎలా ఉంటాయి. మూడోది లేకపోతే ఆయనకు మజ్జిగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేచినట్టు ఉండేది. మా చెరువులో నీళ్ళు లేవని ఫోన్లో మనవి చేసుకున్నాను. అందులో మేకలు మేస్తున్నాయనీ, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారనీ, మా పెద్దమ్మ కళింగర, అంటే మీ వైపు పుచ్చకాయ, పాదులు పెట్టిందనీ కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "నీళ్ళు లేకపోతే అలలూ ఉండవు కదమ్మా. ఆ మాటే చెప్పెయ్యండి, పోయిందేముంది?" అన్నారు. ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. రేపు, ఎల్లుండి నేల బాగా కాగుతుంది, మధ్యాహ్నం నుంచి పడమటి గాలి జోరుగా ఉంటుంది, చెరువులో అలలు ఉండవు అని నా గొంతు సవరించుకుని మరీ రికార్డు చేసి పంపేశాను.

మధ్యాహ్నానికి పాయింటు మామ వచ్చాడు. (కోర్టు గడప ఎక్కింది ఒకే ఒక్కసారి, అదీ సాక్షిగా. కానీ అప్పటి నుంచి ప్రతి మాటలోనూ లా పాయింటు వెతికేవాడు కాబట్టి ఊరంతా ఆయన్ను అలాగే పిలిచేది.) గొంతు తగ్గించి, "రేపు, ఎల్లుండి అలలుండవని చెప్పినావు. ఆవలి దినం సంగతి చెప్పలేదు. అంటే ఆ దినం ఉంటాయనే కదా పాపా. అలలుండల్లంటే నీళ్ళుండల్ల. కాలవకు నీళ్ళు ఇడుస్తాండారు, పైకి చెప్పొద్దన్నారు, నువ్వు మనోళ్ళని ఇట్ల చెప్పినావు" అన్నాడు. అలాంటిదేమీ లేదని ఒట్టు వేశాను. ఒట్టు వేసేసరికి ఆయనకు అనుమానం పూర్తిగా తీరిపోయింది. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి, ఆ మాటతో సహా ఊరంతా చెప్పాడు.

ఇక నేను కాదన్న కొద్దీ నా మీద గౌరవం పెరిగింది. ఉద్యోగస్తురాలు పాపం, యాడ చెప్తాది అని జాలిపడ్డారు. కుర్రాళ్ళు వికెట్లు పీక్కుని వచ్చేశారు. మేకలను గుట్ట మీదికి తోలారు. ఒకాయన చేపపిల్లలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమని నన్నే అడిగాడు. సాయంత్రానికి పెద్దసారే ఫోన్ చేసి, పక్క మండలం నుంచి కూడా అడుగుతున్నారనీ, మీ చెరువుకు నీళ్ళొస్తున్న సంగతి మీరే నాకు చెప్పకపోతే ఎలాగనీ నిష్ఠూరమాడారు. నాకు తెలియదండీ అన్నాను. సరే, నీళ్ళొస్తాయని స్థానికులు అనుకుంటున్నారని చెప్పండి, అదీ నిజమే కదా అన్నారు. అదీ నిజమే. అదీ రికార్డు చేశాను. వీధిలో నడుస్తుంటే ఇంటింటి ఫోన్లోంచీ నా గొంతే వినిపించింది. నాలుగిళ్ళు దాటేసరికి నేనూ నమ్మేశాను. ఇంతమంది చెబుతుంటే ఎందుకు రావు?

కానీ ఇంట్లో పెద్దమ్మ ఉంది. ఆ ఏడు ఆమె వేరుశనగ మొత్తం ఎండిపోయింది. పెదనాన్న పోయాక ఒంటి చేత్తో సేద్యం. చెరువు అడుగున కాస్త తేమ మిగిలిన ఒండ్రులో కళింగర పెట్టి, చెలమ తవ్వి, కడవతో మోసి నీళ్ళు పోసి బతికించింది. కాయలు సగం ముదిరాయి. ఇప్పుడు కోస్తే పశువులు కూడా తినవు. కోయకపోతే, నీళ్ళొస్తే అన్నీ మునుగుతాయి. నన్ను చెరువు కట్ట మీదికి తీసుకుపోయి, "కోయల్లా, ఇడిసిపెట్టల్లా? నువ్వు ఏం చెప్తే అదే" అంది.

నాకు తెలీదు పెద్దమ్మా అన్నాను. ఉద్యోగంలో చేరాక నేను చెప్పిన మొదటి సరైన సూచన అదేనేమో.

ఆమె పాదుల వైపు తిరిగింది. "కోయనులే. గంగమ్మ ఎదురొస్తాంటే గంప నెత్తినేసుకుని పారిపోతే బాగుంటాదా. మునిగితే మునగనీ. బోర్లకు ఊట వస్తాది, ఊరు బతుకుతాది" అంది.

పాయింటు మామ లెక్కగట్టిన ఆవలి దినం పొద్దున్నే ఊరు ఊరంతా కట్ట మీదికి చేరింది. కొత్త నీళ్ళకు పసుపు కుంకుమ చల్లి, టెంకాయ కొట్టి ఎదురుకోవడం మా వైపు ఆచారం. పెద్దమ్మ తలంటుకుని, కొత్త రవిక గుడ్డ పళ్ళెంలో పెట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది, తన పంటను ముంచే నీళ్ళకోసం. కాలువ చెరువులో కలిసే చోటికేసి అందరం కళ్ళు కాయలు కాచేలా చూశాం. అటు నుంచి ఒక సుడిగాలి వచ్చి, అందరి మొహాన దుమ్ము కొట్టి పోయింది. ఎండ నెత్తికెక్కాక ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. నన్ను తిడతారని భయపడ్డాను గానీ ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. నీళ్ళు ఇడిసిన మాట నిజమేననీ, పై ఊరోళ్ళు మళ్ళించుకున్నారనీ పాయింటు మామ తేల్చేశాడు.

కళింగరలు పండాయి. మంచి ధర పలికింది. ఆశ్చర్యమేమిటంటే, ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పెద్దమ్మను పరామర్శించారు. పంట చేతికొచ్చిందంట కదా అని మెల్లగా అనడం, కాసేపు అరుగు మీద తల వంచుకుని కూర్చోవడం, లేచి వెళ్ళిపోవడం. నవ్వాలో ఏడవాలో తెలియక నేను మంచినీళ్ళు అందిస్తూ తిరిగాను. మొదటి కాయ కోసి, ఎర్రటి ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, తియ్యగా ఉండాదా అని అడిగింది పెద్దమ్మ. చాలా తియ్యగా ఉండాది అన్నాను.

"మునిగింటే బాగుండు" అంది.

ఇప్పుడు పట్నంలో కూర్చుని, పెద్ద పెద్ద తెరల ముందు అదే పని చేస్తున్నాను. కొరికిన ముక్క చేత్తో పట్టుకుని మిగతాది తినాలో వద్దో తెలియక నిలబడిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. దానికంటే నేనేమీ తెలివి మీరలేదు. వాన పడే సూచన లేదని ధీమాగా చెప్పి పంపిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి పోయి, నా మాట తప్పయితే బాగుండునని పడమటి ఆకాశం కేసి చూస్తూ నిలబడతాను.