మేకుకి వేలాడిన పచ్చ వైరు

కాస్త దగ్గరగా జరిగి కూకోండి, గట్టిగా సెప్పే ఓపిక లేదు నాకు. దెయ్యాలున్నాయంటే నేనెప్పుడూ నమ్మలేదు. నర్సీపట్నంలో ఓ ఆసుపత్రిలో ఇరవయ్యేళ్ళుగా నేల తుడుస్తున్నాను. అక్కడ భయం ఎన్నాళ్ళుంటుంది?

నా కూతురు సుజాతకి అక్కడే కంప్యూటర్ల పని. పాత రికార్డుల గదిలో మూడు సర్వర్లు పెట్టేరు. రోగుల ఫైళ్ళు మూడింట్లోనూ ఉండాలి, ఒకటి ఆగిపోతే మిగతావి మోయాలి. వాటిలో అవి మాటాడుకుంటే బయటోళ్ళకి వినపడకూడదు. అందుకని ఒక్కోదానికి ఓ పచ్చ వైరు. మాట పోయే మిగతా దారులన్నీ సుజాతే మూసేసింది. ఇదంతా అన్నాల కాడ నాకు సెప్పింది.

పదిహేను రోజులు వాటి ముందే కూకుంది. రెండు పలుకుతున్నాయి, మూడోది పలకదు. శుక్రవారం సాయంత్రానికి అవకపోతే విశాఖ నుంచి వేరేవాళ్ళని పిలుస్తానన్నారు డాక్టరుగారు. పిల్ల ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. రెండు ముద్దలు తిని లేచిపోయేది.

శుక్రవారం అన్ని గదులూ నీళ్ళతో కడగడం నాకలవాటు. ఈ గదికి తడిగుడ్డ సాలని సుజాత సెప్పింది గానీ, సెయ్యి దానంతటదే బకెట్ మీదకి పోయింది. మూడో సర్వరు వైరు నేలమీద పడుంటే, తడుస్తుందని పీకి మేకుకి తగిలించేను. ఇంతలో వార్డులో ఎవరో వాంతి సేసుకున్నారని పిలిసేరు. మరిచిపోయేను.

మధ్యాన్నం రెండింటికి సుజాత ముందు కౌంటరు నుంచి నవ్వుకుంటా వచ్చింది. మూడోది పలికిందంట. కొయ్యూరు నుంచొచ్చిన ఓ ఆవిడకి అప్పుడే రాసిన ఫైలు మూడింట్లోకీ వెళ్ళిందంట. డాక్టరుగారూ సూసి తలూపేరు.

సాయంత్రం బకెట్ కోసం వెళ్తే వైరు మేకునే ఉంది. సుజాతని పిలిసేను.

"ఎప్పుడు పీకేవమ్మా?"

"పొద్దున్నే."

మూడో సర్వరు తెరిసి సూసింది. కొయ్యూరు ఆవిడ ఫైలు అందులో ఉంది. మేకుకున్న వైరు సేతిలోకి తీసుకుంది.

"మరి దీన్ని ఎవులు మోసేరే అమ్మా?"

నాకు అప్పారావుగారు గుర్తొచ్చేరు. పోయి మూడేళ్ళయింది. ఆ గదిలో కాగితం ఫైళ్ళు ఆయనే సూసేవారు. ఎవరి కంటా పడకుండా తువ్వాలు కప్పి వార్డుకి మోసుకెళ్ళి, డాక్టరు సేతిలోనే పెట్టేవారు. ఆ మాట పిల్లతో అన్లేదు.

వైరు పెట్టేసేం. ఆనాటి నుంచి మూడూ పలుకుతూనే ఉన్నాయి. సుజాత ఉద్యోగం నిలబడింది. తనతో సదివినోళ్ళని ఫోన్లో అడిగితే, అలా జరగదు, మీ అమ్మ సాయంత్రం పీకి ఉంటాదన్నారు. నేను పొద్దున్నే పీకేను. నాకు బాగా గుర్తు. ఎలా జరిగిందో మట్టుకు ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడా గదికి తడిగుడ్డే పెడతాను. ఇంక మోకాళ్ళు లాగుతున్నాయి, వెళ్ళి పడుకుంటాను. మీ ఇంట్లో ఒకరు పిలిస్తే ఇంకొకరు పలకాలి. అందరూ సల్లగా ఉండండి.