పెళ్లిచూపులూ, కరెంటు కారూ

మా ఆదోని వీధుల్లో కరెంటు కారు కనిపిస్తే జనం ఆగి చూసే రోజులవి. ఎంతో కాలం కాలేదు గానీ, ఇప్పుడు తలచుకుంటే కలలో జరిగినట్టుంటుంది. మాది ఒకప్పుడు ఏనుగును కట్టేసిన ఇల్లు (నేను పుట్టేనాటికి గొలుసు కూడా మిగల్లేదు). కార్ల షోరూములో ఉద్యోగం చేస్తున్నా, ఎవరినీ ఏదీ అడగకూడదన్న ఇంటి నియమం మాత్రం నాలో చెక్కుచెదరలేదు. ఎమ్మిగనూరులో ఒక పంతులుగారి అమ్మాయిని చూడటానికి, షోరూము వాళ్లు తీసుకెళ్లమన్న కారులో మేనత్తతో బయలుదేరాను. వేళకు ముందే చేరితే ఆత్రపడ్డట్టుంటుందని అత్త దేవనకొండ మీదుగా చుట్టు తిప్పించింది. చప్పుడు లేని కారు, చల్లటి గాలి, చేల మీద పల్చటి ఎండ. తేలిపోతూ ఛార్జింగు సంగతే మరిచిపోయాను.

మా వైపు సంబంధం కుదిరేదాకా పిల్ల ఇంట్లో భోజనం చేయరు. కాఫీ తాగి, కబురు పంపిస్తామని లేచి వచ్చేయాలి. ఆ ఇల్లు మన అంతస్తుకు చాలదని అత్త దారిలోనే తేల్చేసింది కూడా. అమ్మాయి నాకు నచ్చినా, ఆ మాట అనే ధైర్యం లేక నేనూ లేచాను. కారెక్కితే ఊరు దాటేంత ఛార్జింగు లేదు. పెట్రోలు కారైతే బంకులో ఐదు నిమిషాల పని, ఎవరి మర్యాదా పోదు. దీనికి ఒకరి ఇంటి ప్లగ్గు కావాలి, సాయంత్రం దాకా ఓపిక కావాలి. అడగలేక స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. గుమ్మంలోంచి అమ్మాయే, “నాయనా, దానికి సార్జింగ్ అయిపోయినట్టుండాది” అంది. పంతులుగారు కిటికీలోంచి వైరు లాగిచ్చారు.

భోజనానికి పిలిస్తే అత్త వద్దంది. ఇద్దరం వసారాలో కూర్చున్నాం. పక్కింటి మగ్గం చప్పుడు జోలపాటలా ఉంది. లోపలినుంచి జొన్నరొట్టె కాలుతున్న వాసన. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి, కడుపు నిద్రపోనివ్వడం లేదు. మంచినీళ్లు తెచ్చిన అమ్మాయి కారు వైపు చూసి, “మీ కారు మా ఇంట్లో తింటానే ఉండాది. ఇంతకీ సంబంధం కుదిరినట్టా, లేనట్టా?” అంది.

“కరెంటు అన్నం కిందికి రాదులేమ్మా” అంది అత్త.

“అట్లయితే పస్తు మీ ఇద్దరికే.”

మా వంశంలో ఎవరూ అడగని మాట నేను అడిగాను. “నాకో రొట్టె పెడతారా?”

దాని అర్థం అందరికీ తెలుసు. అత్త కళ్లు మూసుకుంది. పంతులుగారు గబగబా పీట వాల్చారు.

ఇప్పుడు దారిలోనే ఛార్జింగు స్టేషన్లున్నాయి. మా ఆవిడా నేనూ టీ తాగి వచ్చేలోగా కారు సిద్ధం. సౌకర్యమే, కాదనను. కానీ ఆనాడే అవి ఉండుంటే కబురు పంపిస్తామని చెప్పి ఠీవిగా వెళ్లిపోయేవాణ్ణి. రొట్టె మీద రొట్టె వేయించుకుంటూ, ముఖం మాత్రం గంభీరంగా పెట్టుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే, నవ్వాలో, కాస్త నిదానంగా తినవయ్యా అని చెప్పాలో తెలియదు.