గళ్ళు నాకు, ఆకాశం దానికి

కిందటి నెల ఒక మంగళవారం తెల్లారేసరికి మా ఎదురింటి బాబాయి లేరు. నిద్రలోనే పోయారట. చిలకలూరిపేటలో ఉన్న ఆయన మేనకోడలికి తెలిశాక గానీ ఆ కబురు నాకు తెలియలేదు. నరసరావుపేటలో ఆయన వాకిలికి ఎదురు వాకిలి మాదే. చావు దగ్గర కూడా కుళ్ళుకున్నాను. దాచి రాస్తే ఆయన నవ్వుతారు.

బాబాయి సినిమాహాల్లో బొమ్మ వేసే ఆపరేటరు. హాలు మూతపడ్డాక మేడమీది గదిలో, కూర్చున్నచోటే తెరమీద ఎగిరే ఉత్తుత్తి విమానం కట్టడం మొదలుపెట్టారు. పాత కారు సీటు, కంప్యూటరు, మూడు ప్రొజెక్టర్లు, ఎదురుగా విల్లులా వంగిన తెర. సీటుకి పురికొస కట్టి, రెండో కొసన సుద్దముక్కతో నేలమీద వంపు గీశారు. ఆ గీత మీద ప్లైవుడ్ నిలబెట్టి ఇద్దరం తెల్లరంగు వేశాం.

"ఎప్పుడన్నా విమానం ఎక్కావా బాబాయ్?"

"ఎక్కితే ఎనక కూచోబెడతారమ్మా. నాకు ముందు సీటు గావాల."

డిగ్రీ అయి రెండేళ్ళుగా ఇంట్లో ఉన్నదాన్ని. నాకూ ముందు సీటే కావాలి. మొదటిసారి విమానం లేపేది నేనేననుకున్నాను.

నా వంతుకి గళ్ళు వచ్చాయి. వంపు తెరమీద తిన్నని గీత వేస్తే వంగిపోతుంది. తెరనిండా గళ్ళు వేసి, సీట్లోంచి చూస్తే తిన్నగా కనపడేదాకా ఒక్కో గీతనీ కంప్యూటర్లో లాగాలి. సీట్లో నేను, కంప్యూటరు దగ్గర ఆయన.

"కుడిపక్క కొంచెం కిందకి బాబాయ్."

"కొంచెమంటే? చిటికెడా, గుప్పెడా?"

పదిహేను రోజులు ఇదే పని. నువ్వే కూర్చుని చూసుకోవచ్చుగా అని విసుక్కుంటే, హాల్లో ఆట మొదలయ్యే ముందు నేలక్లాసులో కూర్చుని బొమ్మ చూసి మిషను గదిలోకి వెళ్ళే తన అలవాటు చెప్పేవారు. "బొమ్మ మిషనోడికి గాదమ్మా, కూచునేవోళ్ళకి."

సెలవులకి మేనకోడలు దిగింది. ఇంటర్ పిల్ల, నా భుజం దాకా రాదు. వచ్చిన రోజే సీటెక్కింది. "మావయ్యా, లేచింది! లేచింది!" బాబాయి చప్పట్లు మా ఇంట్లోకి వినిపించాయి. గళ్ళు నాకు, ఆకాశం దానికి. మళ్ళీ నేను ఆ మెట్లెక్కలేదు.

"ఏమే, కోపమా? కుడిపక్క చార మిగిలింది, రావే!" అని వాకిట్లోంచి పిలిచారు. పనికైతే నేను కావాలి అనుకుని తలుపేసుకున్నాను. ఆయన గొంతు వినడం అదే ఆఖరు.

పెద్దకర్మ నాడు ఆ పిల్ల నన్ను మేడమీదకి లాక్కెళ్ళింది.

"అక్కా, దీన్ని నువ్వే ఏందో చెయ్యాల. నీయంత ఎత్తు లేను గదా, నేను కూచుంటే రన్‌వే అరటికాయలాగా వంకర. సరిచెయ్యి మావయ్యా అంటే, 'అది ఎదురింటి పిల్ల కంటికి కట్టిన తెర, చెయ్యి బెట్టను. అదొచ్చిందాకా నువ్వు ఎగురు' అన్నాడు. నీ మీద చానా కుళ్ళుకున్నా తెలుసా!"

సీట్లో కూర్చున్నాను. కింద పురికొస ఇంకా కట్టే ఉంది. ఆ పిల్ల ప్రొజెక్టర్లు వేసింది. ఎదురుగా రన్‌వే, చివరిదాకా తిన్నగా.

కుడిపక్క, రెండు ప్రొజెక్టర్ల వెలుగులు కలిసేచోట, సన్నని చార. చిటికెడంత.