ఎటు నుంచి చూసినా ఒకటే

ఒక్క అంకె కూడా తప్పు రాయకుండా లెక్క మొత్తం తగలేసిన లెక్కల అయ్యవారిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. అదీ నల్లబల్ల మీద కాదు, మా పెళ్లి చీర మీద. కాస్తలో పెళ్లే ఆగిపోయేది.

యాభైల చివర్లో హిందూపురం హైస్కూల్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. పెనుకొండలో సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల్లో కమల తనకు లెక్కలంటే ఇష్టమని ఒక్క మాట అంది. అంతే, ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు.

తొమ్మిది ఒకట్లు పక్కపక్కన రాసి, ఆ సంఖ్యను దానితోనే గుణించండి. 12345678987654321 వస్తుంది. తొమ్మిది దాకా మెట్లెక్కి మళ్లీ ఒకటి దాకా దిగుతుంది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా మారదు. అంకెలన్నీ కూడితే ఎనభై ఒకటి, ఆ ఎనభై ఒకటితోనే మొత్తం సంఖ్య శేషం లేకుండా తెగుతుంది. పెళ్లికూతురికి ఇంతకంటే మంచి కానుక ఏముంటుంది? దాన్ని చీర కొంగు మీద జరీతో నేయించాలని ధర్మవరం బయల్దేరాను. అందరిలా మామిడి పిందెల బుటాలు చాలనుకుని ఉంటే మీకీ కథ ఉండేది కాదు.

అక్కడ మగ్గం నేసే నారాయణప్ప నా కాగితం చూసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సార్, మేము నేసేటప్పుడు చీర బోర్లా ఉంటాది. మాకు కనపడేది వెనకపక్క. అక్షరాలైతే నమూనా తిరగేసి గీస్తాము. దీన్నీ తిరగేయల్లనా?"

"వద్దప్పా. ఇది ఎటు నుంచి చూసినా ఒకటే. దీని గొప్పతనమే అది."

ఆయనకు నమ్మకం కుదరలేదు గానీ, చెప్పింది లెక్కల సారు కదా. నేత మధ్యలో వెళ్లి చూశాను కూడా. మగ్గం మీద అంకెలు ముత్యాల్లా ఉన్నాయి.

పెళ్లికి ముందు రోజు పెనుకొండలో అందరి ముందూ మా అమ్మ చీర మడత విప్పింది. నాకేమీ అర్థం కాలేదు. ఒకటి బాగానే ఉంది, ఎనిమిది బాగానే ఉంది, ఎక్కి దిగే వరసా బాగానే ఉంది. రెండూ మూడూ మొదలుకుని మిగతావన్నీ మాత్రం ఎవరి మీదో అలిగినట్టు అటు తిరిగి నిలబడ్డాయి. అరచేతిలో మళ్లీ గుణించి చూసుకున్నాను. లెక్క సరిపోయింది.

కమల వాళ్ల అవ్వకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "తిరగరాసిన అంకెలు చేతబడి యంత్రాల్లో ఉంటాయి. పిల్లకు ఏమో ప్రయోగం చేపిస్తాండారు. ఈ చీర పిల్ల ఒంటి మీద పడితే పెళ్లి లేదు."

ఎటు నుంచి చూసినా ఒకటేనని నేను గొణిగాను. "యాడ ఒకటే, చూపీ," అన్నాడు కాబోయే మామ. నాకే అయోమయంగా ఉంది, ఆయనకేం చూపిస్తాను?

అప్పుడు కమల లేచి, కొంగు తీసుకుపోయి గోడ మీది అద్దం ముందు పట్టింది.

"అవ్వా, ఈడ చూడు. అద్దంలో సరిగ్గానే ఉండాది. బోర్లా నేసినారు, అంతే." తర్వాత నా దగ్గర గొంతు తగ్గించింది. "వరస తిరగేసినా మారదు, నిజమే. అంకెల మొహాలు తిరిగిపోవా?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ చీరే కట్టుకుని కమల పీటల మీద కూర్చుంది. అవ్వ మాత్రం ఎందుకైనా మంచిదని కొంగు చివర ఒక నిమ్మకాయ కట్టింది.

ఆ పీటల మీదే, అగ్నిసాక్షిగా, ఎటు నుంచి చూసినా ఒకటే అన్న ముక్క మళ్లీ జన్మలో నోటి నుంచి రానివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. నేటికీ కమల కొత్త చీర కట్టుకుని, ముందుకోసారి వెనక్కోసారి తిరిగి ఎట్లుండాదని అడిగితే, రెండు వైపులనూ విడివిడిగా మెచ్చుకుంటాను.