మా తోడికోడలి గిటారు కంటే పై రకం

మా మావయ్యగారు పాడుతున్న వీడియో నేను వంటింట్లో చూశాను, ఎసట్లో పప్పు పోసి గరిటె కోసం వెతుక్కుంటూ. మా కుటుంబం గ్రూపులో ఎవరో పెట్టారు. తాడేపల్లిగూడెంలో మా మరిది ఇంట్లో, ఫ్యాను కింద కుర్చీలో ఆయన కళ్ళు మూసుకుని పాడుతున్నారు. ఎదురుగా చాప మీద మా తోడికోడలు, ఒళ్ళో గిటారు. అది వాయిస్తున్నట్టు కూడా లేదు, ఆయన గొంతు వెనకాలే మెల్లగా నడుస్తున్నట్టుంది. కింద బంధువులందరూ దండాల బొమ్మలు, పువ్వుల బొమ్మలు పెట్టారు. మా ఆయన ఆఫీసులోంచే ‘సూపర్’ అని రాశారు. ఆ సూపర్ చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండిందో చెప్పాలి. మావయ్యగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గడ్డం గీసుకుంటూ పాడేవారు, పేపరు మడుస్తూ పాడేవారు, మా అత్తగారు గోంగూర వలుస్తుంటే పక్కన కూర్చుని పాడేవారు. ఆవిడ పోయిన దగ్గర్నించీ ఆ గొంతు మా ఇంట్లో వినపడలేదు. ఆయన ఉండేది మా దగ్గరే, ఏలూరులో. కూరలో ఉప్పు తగ్గించేది నేను, బీపీ మాత్ర గుర్తుచేసేది నేను, ఎక్కడో పెట్టి మర్చిపోయిన కళ్ళజోడు వెతికిచ్చేది నేను. ఒక్క పాట పాడండి మావయ్యగారూ అని ఎన్నిసార్లు అడిగానో. గొంతు పోయిందమ్మా అనేవారు. నేనూ నిజమే కాబోలనుకుని తేనె వేసి వేడినీళ్ళిచ్చాను. నాలుగు రోజులుండొస్తానని గూడెం వెళ్ళిన మనిషికి అక్కడ గొంతు తిరిగొచ్చింది. నా చేతి వంటకి రానిది ఆవిడగారి చెక్కపెట్టెకి వచ్చిందన్నమాట.

పోనీ మా తోడికోడలు ఏమైనా పెద్ద విద్వాంసురాలా అంటే అదీ కాదు. మరిది రైసుమిల్లుకి వెళ్ళాక, మధ్యాహ్నాలు తోచక, ఫోను ముందు పెట్టుకుని నేర్చుకుంది. చిన్నప్పుడు రెండేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని నేను. సరళీ స్వరాలు దాటలేదనుకోండి, అది వేరే సంగతి. సంగీతం అంటూ ఈ కుటుంబంలోకి ఎవరైనా తేవాలంటే అది నేనే తేవాలి కదా. ఆ మాట మా ఆయనతో అంటే, అయితే నువ్వూ ఒకటి కొనుక్కో, ఎవరొద్దన్నారు అన్నారు. వేళాకోళానికే అన్నారు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను.

మర్నాడే తోడికోడలికి ఫోను చేశాను. నా గొంతులో అంత తీపి ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. నీ గిటారు ఏ రకం, ఎలా ఉంది అని అడిగాను. పాపం దాచుకోకుండా అన్నీ చెప్పింది, ఫొటోలు కూడా పంపింది. నీలం రంగు. షాపులోకి వెళ్ళి, ఆ రంగు నచ్చి, పది నిమిషాల్లో కొనుక్కుని వచ్చేసిందట. నేనయితే ఒక చీర కొనడానికే మూడు షాపులు తిరుగుతాను.

ఆ నెలంతా నాకు ఫోనే లోకం అయిపోయింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం ఆ కంపెనీ చేసే గిటార్లు మూడు రకాలున్నాయి. చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మొదటిది మొత్తం ప్లైవుడ్డు, అంటే పల్చటి పొరలు అంటించి చేసిన చెక్క. మా తోడికోడలిది అదే. రెండోదానికి వెనకా పక్కలా ప్లైవుడ్డే గాని, ముందు వైపు, గుండ్రటి కన్నం ఉన్న వైపు, పొరలు లేని ఒకే చెక్క. శబ్దం పుట్టేది అక్కడే గనక ఆ ఒక్క చెక్కకే ధర పెరుగుతుంది. మూడోది రెండోదాని లాంటిదే, కాకపోతే చెయ్యి కిందిదాకా పోయేలా భుజం దగ్గర ఒక గాటు, స్పీకరు వైరు పెట్టుకోవడానికి ఒక కన్నం. ఒక వీడియోలో ఒకతను మొదటిదాన్ని మెచ్చుకుంటే ఆ వీడియో సగంలోనే ఆపేసేదాన్ని. రెండోదాన్ని మెచ్చుకుంటే మళ్ళీ మొదటినుంచి చూసేదాన్ని.

ఏలూరులో షాపాయన ఓపిక గల మనిషి. మూడూ బల్ల మీద పెట్టాడు. ఒకే పాట మొదటిదాని మీదా రెండోదాని మీదా మార్చి మార్చి వాయించమన్నాను, నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. తేడా ఉంది, అబద్ధం ఎందుకు. మొదటిదాని మీద శబ్దం గట్టిగా వచ్చి వెంటనే ఆగిపోతోంది. రెండోది తీగ వదిలేశాక కూడా కాసేపు లోపల మోగుతోంది. మూడోదాని జోలికి పోలేదు, మా ఇంట్లో స్పీకరెక్కడిది. రెండోది కట్టేయమంటే షాపాయన ఆగాడు.

“ఇంట్లో వాయించుకోడానికేనాండీ? అయితే మొదటి రకమే హాయండి. ఈ ఒకే చెక్క ఉంది చూశారూ, గాలిలో తేమ తాగేస్తుందండి. మన కొల్లేటి వానలకి పొంగుతుంది. ప్లైవుడ్డయితే కదలదండి.”

ఆయన మంచికే చెప్పాడు. నాకు వినపడింది మాత్రం వేరే. మా తోడికోడలిదీ నాదీ ఒకటే రకం అవుతాయి అని వినపడింది. రెండోదే ఇవ్వండి అన్నాను.

ఇంటికి రాగానే ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. కింద ‘ముందు భాగం ఒకే చెక్క’ అని రాశాను, తెలియాల్సినవాళ్ళకి తెలియాలని. నిమిషంలో మా తోడికోడలి దగ్గర్నించి జవాబొచ్చింది. అక్కా, భలే ఉంది, నాదానికంటే చాలా మంచి రకం, మీరు అన్నీ చూసి ఎంచుతారు అని. వెతికి చూశాను, అందులో ఎక్కడా పుల్లవిరుపు మాట లేదు. కాస్త కుళ్ళుకున్నా నాకు మనశ్శాంతిగా ఉండేది.

నాలుగు రోజులన్న మావయ్యగారు నెల దాటాక ఏలూరు తిరిగొచ్చారు. నేను రోజూ పొద్దున్న పనయ్యాక వరండాలో కూర్చుని వాయించడం మొదలుపెట్టాను. మూడు వేళ్ళు మూడు తీగల మీద ఒకేసారి నొక్కి పట్టాలి. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి మారేటప్పటికి పాట వెళ్ళి వీధి చివర ఉండేది. మావయ్యగారు ఎంతో మర్యాదస్తులు. నేను గిటారు సంచి జిప్పు లాగిన చప్పుడు వినపడగానే చెప్పులు వేసుకునేవారు. అలా కాలవ గట్టు దాకా వెళ్ళొస్తానమ్మా అనేవారు. అంతకుముందు సాయంత్రాలు తప్ప నడవని మనిషి పొద్దున్న కూడా నడవడం మొదలుపెట్టారు. నాన్నగారి ఆరోగ్యం బాగుపడిందని మా ఆయన సంతోషించారు. నేను పళ్ళు నూరుకున్నాను.

అయినా వదల్లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఆ గొంతు మా ఇంట్లో, నా ఎదురుగా, మళ్ళీ పలకాలి. గూడెంలో పలికినప్పుడు ఇక్కడెందుకు పలకదు?

ఈలోగా వానలు పట్టాయి. ఇంట్లో ఉప్పు నీరు కారింది, అప్పడాలు మెత్తబడ్డాయి, బీరువా తలుపు బిగుసుకుపోయింది. గిటారు ముందు చెక్క పొట్టలా ఉబ్బింది. దాంతో తీగలు పైకి లేచి, నొక్కాలంటే వేళ్ళు కోసుకుపోయేవి. శబ్దం చూస్తే జలుబు చేసినట్టుంది. షాపాయన చెప్పినట్టే అయింది గనక షాపుకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. అప్పుడు మా ఆయన తన తెలివి చూపించారు. అంతకుముందు ఆయన ఫోను నీళ్ళలో పడితే బియ్యంలో పెట్టి బతికించారు, ఆ గర్వం ఇంకా తగ్గలేదు. మా గుండుగొలను పొలం బియ్యం ఇంట్లో ఎలాగూ ఉన్నాయి. గోనెపట్టా పరిచి, బియ్యం పోసి, గిటారుని పడుకోబెట్టి, కన్నానికి గుడ్డ అడ్డంపెట్టి, పైన కూడా బియ్యం కప్పారు. నలుగురికీ వండి పెట్టాల్సిన బియ్యంలో గిటారు పడుకుని ఉంటే, చుట్టుపక్కలవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని తలుపు మూసి ఉంచాను.

వానలు వెనకబట్టాక తీసి చూస్తే పొట్ట చాలావరకు తగ్గింది. కాకపోతే గుడ్డ ఎప్పుడు జారిందో, లోపలికి బియ్యం పోయాయి. ఎంత బోర్లించి కొట్టినా కొన్ని లోపలే ఉండిపోయాయి. కదిపితే గలగలమనేది.

కార్తీకమాసంలో మా వాళ్ళందరం గుండుగొలను అవతల ఒక తోటలో వనభోజనాలు చేసుకుంటాం. ఉసిరి చెట్టు కింద వంటలు, అటుపక్క చేపల చెరువుల మీద గూడకొంగలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక పాటలు. ఆ ఏడు నేను ఒక్క పాట కోసం రెండు నెలలు వేళ్ళు అరగదీసుకున్నాను. మావయ్యగారు మా అత్తగారి దగ్గర ఎక్కువసార్లు పాడిన పాట. పులిహోర, కంద బచ్చలి కూర తిని అందరూ చాపల మీద చేరగిలబడ్డాక, మావయ్యగారూ, నేను వాయిస్తాను, మీరు పాడండి అన్నాను. అందరి ముందూ అడిగితే కాదనలేరని నాకు తెలుసు.

పాపం ఆయన మొదలుపెట్టారు. మొదటి లైను బాగానే పోయింది. రెండో లైనులో పట్టు మార్చే చోట నా వేళ్ళు ఆలస్యమయ్యాయి. ఆయన ఆగారు. నేను చేరుకున్నాను, ఆయన అందుకున్నారు, నేను మళ్ళీ వెనకబడ్డాను. ఆయన దగ్గి, గొంతు పట్టేసిందమ్మా, కాసిని మంచినీళ్ళియ్యి అన్నారు. నన్ను కాపాడటానికే ఆ దగ్గు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మా తోడికోడలు పక్కకొచ్చి కూర్చుంది.

“అక్కా, ఒక్కసారి మీది ఇస్తారా? ఒకే చెక్కది ఎలా మోగుతుందో చూడాలనుంది.”

ఇవ్వనని ఎలా అంటాను? ఇచ్చాను. అది చేతిలోకి తీసుకోగానే లోపల గలగలమంది. ఆ అమ్మాయి గిటారుని తలకిందులు చేసి, కన్నాన్ని చాప వైపు వంచి, అటూ ఇటూ మెల్లగా తిప్పింది. బియ్యం చాప మీద రాలాయి. చాపల మీదున్నవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. తర్వాత ఆ అమ్మాయి తీగలు సరిచేసుకుని, అదే పాట ఎత్తుకుంది.

ఇన్ని నెలలుగా నా ఇంట్లో ఉన్న గిటారు అలా మోగుతుందని నాకు తెలియదు. షాపులో కూడా అలా మోగలేదు. తీగ వదిలేశాక శబ్దం ఇంకా అక్కడే ఉండి, తర్వాతిదాని కోసం చోటిచ్చి జరుగుతోంది. చూశారా, రెండో రకమే మంచిదని నేను ముందే చెప్పలేదూ అని లేచి అందరికీ చెప్పాలనిపించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. నేను ఎంచిందీ, నేను మోసిందీ, బియ్యంలో పెట్టి కాపాడుకున్నదీ, ఆ పిల్ల చేతిలోకి పోగానే దాని బిడ్డే అన్నట్టు పలుకుతోంది. మావయ్యగారు మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే పాట అందుకున్నారు. చివరిదాకా పాడారు. కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు.

“గిటారు మాత్రం మంచిది ఎంచావమ్మా.”

ఆ ‘మాత్రం’ నా గుండెల్లో ముల్లులా దిగింది. మా తోడికోడలు తన నీలం గిటారు నా ముందు పెట్టి, అక్కా, ఇది తేలిగ్గా నొక్కుకోవచ్చు, కొన్నాళ్ళు దీని మీద వాయించండి, వేళ్ళు నొప్పెట్టవు అంది. మంచి మాటే. అక్కర్లేదు అన్నాను, ఉండాల్సినదానికంటే గట్టిగా. ఏలూరు వచ్చేదాకా కారులో నా గిటారుని ఒళ్ళోనే పెట్టుకున్నాను. డిక్కీలో పెట్టమని మా ఆయన అంటే వినలేదు.

తర్వాత ఒక వారం నేను దాని సంచి జిప్పు తియ్యలేదు. మావయ్యగారు పొద్దున్న నడక మానేశారు. అలాంటి ఒకరోజు ఆయన గడ్డం గీసుకుంటుంటే కూనిరాగం వినపడింది. చేతిలో కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడిపోయాను. నా అడుగుల చప్పుడుకి ఆయన ఆపేశారు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, కాఫీ అందుకుంటూ, నా వైపు చూడకుండా అన్నారు.

“గిటారు ఇక్కడే ఉంది కదమ్మా. చిన్నకోడల్ని ఒక ఆదివారం రమ్మనకూడదూ?”

నేను ఊ కొట్టి వంటింట్లోకొచ్చేశాను. కడుపు మండలేదని ఎలా చెప్పను? రోజూ కాఫీ ఇచ్చేది నేను, గిటారు నాది, పాట మాత్రం ఆవిడ వస్తేనే. పప్పు పొంగి స్టవ్వంతా అయింది. తుడిచాను. ఆ కూనిరాగం సగంలో ఆగిపోయిన చోటే నా చెవిలో ఉండిపోయింది, మిగతా సగం కావాలని ప్రాణం కొట్టుకుంటోంది. చివరికి ఫోను తీసి గూడెం కలిపాను. ఆదివారం భోజనానికి రండి, మావయ్యగారికి పాడాలనుందట అని చెప్పాను. ఆ అమ్మాయి పొంగిపోయింది. పొద్దున్న రైలుకే బయల్దేరతామంది. రైల్లో గిటారు మొయ్యడం కష్టం కదక్కా, ఎలాగూ మీది అక్కడుందిగా అని అడిగింది.

“నీది నువ్వు తెచ్చుకో,” అన్నాను.