నక్కకి కూడా గది

సాయంత్రం నాలుగూ పదికి పిల్ల పిండి అడిగింది. బియ్యప్పిండి, చిన్న గిన్నెలో పల్చగా కలిపి ఇమ్మంది. కలిపి ఇచ్చాను. వాళ్ళమ్మ పోయాక నా కూతురు బొమ్మలు వేయడం మానేసింది. ఇక వేయదేమోనని నాకు భయంగా ఉండేది. ఆ మాట దానితో అనలేకపోయాను. అసలు దానితో మాట్లాడడమే తగ్గించేశాను.

అరకులో మేముంటున్న ఇంటి వెనక గోడకి ఎర్రమట్టి పూత. దాని మీద తెల్లపిండితో బొమ్మలు వేయడం నా భార్య పక్కింటి ముసలమ్మ దగ్గర నేర్చుకుంది. ఆవిడ సవర గిరిజనుల ఆడపడుచు. వాళ్ళు ముందు నాలుగు గీతలతో ఒక ఇల్లు గీస్తారు. పోయినవాళ్ళు వచ్చి అందులో ఉంటారని నమ్మకం. తక్కిన బొమ్మలన్నీ ఆ ఇంటి లోపలే వేస్తారు.

నా భార్య ఆ పద్ధతిని కథలకి వాడుకుంది. కథ చెప్పాక నీతి చెప్పేది కాదు. కథలో ఉన్న అందరికీ ఆ ఇంట్లో చోటు గీయమనేది, తప్పు చేసినవాళ్ళకి కూడా. ఎవరి పక్కన ఎవరిని పెట్టాలో పిల్ల చాలాసేపు ఆలోచించేది. నేర్చుకోవడమంటే అదేనని ఆమె అనేది.

ఆ రోజు ముసలమ్మ మిరియాలు ఆరబోస్తూ పిల్లకి ఒక కథ చెప్పింది. జంతువులన్నీ కలిసి చోడి చేను, అంటే రాగి చేను, వేశాయి. కాపలాకి పెట్టిన నక్కే పంట తినేసింది. అన్నీ కలిసి దాన్ని తరిమేశాయి. వానల్లో అది కొండ మీద ఒంటరిగా అరుస్తూ ఉండిపోయింది.

"దాన్ని ఏ గదిలో కూకోబెడతావో సూస్తానే గుంటా" అని ముసలమ్మ ఉడికించింది. పిండి అందుకే.

పిల్ల ఇల్లు గీసింది. ఎలుగుబంటి, నెమలి, చీమలు అందులోకి చేరాయి. నక్కని పొయ్యి పక్కన పెట్టింది, తడిసిపోయింది కదా అంటూ. పై గదిలో జడ వేసుకున్న మనిషిని గీసింది. అది ఎవరో నేను అడగలేదు. నక్క పక్కన మాత్రం కొంత చోటు వదిలేసింది.

"అది ఎవరికి?" అన్నాను.

"నీకు."

"నేను కథలో లేను కదా."

"నక్కలాగ బయటే ఉంతన్నావు. అన్నం కూడా అరుగు మీదే తింతన్నావు. అమ్మ లోపలే ఉంది నాన్నా."

నిష్ఠూరం లేదు ఆ గొంతులో. గోడ మీంచి చూపు కూడా తిప్పలేదు. దుఃఖం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఆ జానెడు ఖాళీ ముందు నిలబడినట్టు ఏ పుస్తకం ముందూ నిలబడలేదు.

నన్ను నేనే గీసుకోవాలని గిన్నె నా చేతికిచ్చింది. గీశాను. గుమ్మంలోంచి చూసిన ముసలమ్మ, నక్కే నయం, మనిషిలా ఉందంది. పిల్ల నవ్వింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అరుగు మీద అన్నం తినరు.